రిథీకి తెల్ల ముక్కే

పొద్దున్నే కుంథియా నల్ల వేస్ట్‌కోటు తొడుక్కుని, రెండు గుక్కలు గంజి తాగి కాసినోకి బయల్దేరితే, మొగుడు రిథీ కూడా వెనకాలే బయల్దేరేవాడు. దారిలో తాకట్టు కొట్టు దగ్గర ఆగేవాడు. ఇంటి కాగితం అక్కడ పెట్టి, వచ్చిన డబ్బుతో పందెం బిళ్ళలు కొనుక్కుని, తిన్నగా వచ్చి పెళ్ళాం పేకముక్కలు పంచే బల్ల ముందే కూర్చునేవాడు. సాయంత్రం బిళ్ళలన్నీ అలాగే తిరిగిచ్చేసి, కాగితం విడిపించుకుని ఇంటికి తెచ్చేవాడు.

పోయేదేం లేదు. రిథీకి పడేవన్నీ తెల్ల ముక్కలే.

ఈ సరిహద్దు ఊరు పోయిపెట్‌లో ఇది కొత్తేం కాదు. సరిహద్దు అవతల్నుంచి వచ్చే థాయ్‌వాళ్ళే ఆడాలి, ఊరివాళ్ళు ఆడకూడదు అని చట్టం ఉన్నన్నాళ్ళూ, ఊరివాడు ఎవడు ముక్క తిప్పినా లోపల సున్నం కొట్టిన గోడే. రాజూ ఉండడు, రాణీ ఉండదు. పందెం వెనక్కిచ్చేసేవాళ్ళు, అంతే. తర్వాత అవతల ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, బస్సులు ఖాళీగా రావడం మొదలైంది. కాసినోల వాళ్ళు వెళ్ళి మొత్తుకుంటే వానాకాలం ముందు చట్టం మారింది. ఆ పొద్దునే ముక్కల్లోకి రంగొచ్చింది. చేపలమ్మే ఆవిడకి ఇస్పేటు రాణి పడింది. వారం తిరక్కుండా ఆవిడ బుట్టలు కూడా అమ్మేసుకుంది.

చట్టంలో ఒక్క మెలిక మాత్రం మిగిలింది. కాసినోలో పనిచేసేవాళ్ళు, వాళ్ళ మొగుళ్ళు, పెళ్ళాలు ఆడకూడదు. అందుకే రిథీకి ఇంకా తెల్ల ముక్క.

రిథీ సరిహద్దు మీదుగా సరుకు బండి లాగేవాడు. ఇప్పుడు సరుకు లేదు. బండిలో కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి.

"ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతోందే. అక్కడైతే చల్లగా ఉంటది, టీ ఊరికే ఇస్తారు," అనేవాడు.

"దానికి మా అమ్మ ఇంటి కాగితమే కావాలా? చిల్లర పెట్టుకుని కూర్చోవచ్చుగా."

"చిల్లరగాడికి ముక్క చేతికివ్వరు. పెద్ద పందెం కాసేవోడే ముక్క తిప్పాలి. నాకూ ఒకసారి తిప్పాలని ఉండదా?"

ఆ ఇంట్లోనే అమ్మ మంచం మీద ఉంది. అయినా కుంథియా గట్టిగా అడ్డుపడలేదు. తెల్ల ముక్కేగా, పోయేదేముంది? ఎక్కడో సారా తాగి పడుండేకన్నా కళ్ళెదురుగా ఉంటాడనుకుంది.

మొగుణ్ణి బల్ల ముందు కూర్చోబెట్టడం తప్పే. కానీ సూపర్వైజరు సంబాత్ చూసీ చూడనట్టు వదిలేశాడు. "ఉండనీ చెల్లీ. ఖాళీ బల్లలు చూస్తే వచ్చే ఒక్కడూ తిరిగిపోతాడు. మీ ఆయన మనకి పూలకుండీ లాంటోడు," అని నవ్వాడు. అప్పటికే సగం బల్లలకి గుడ్డలు కప్పేశారు. పనిలోంచి తీసేసేవాళ్ళకి ముందు చెప్పరు. పైన సంతకం అయిపోతుంది, డ్యూటీ దిగాక పిలుస్తారు. పక్క బల్ల మాలిస్‌ని అలాగే పంపేశారు.

ఆ రోజు రిథీ ఎప్పట్లాగే బిళ్ళలన్నీ బల్ల మీద ‘ఆటగాడు’ అని రాసున్న గడిలోకి తోశాడు. కుంథియా ఆటగాడి గడికి రెండు, ఎదుటి బ్యాంకు గడికి రెండు ముక్కలు పంచింది. తొమ్మిదికి ఎవరు దగ్గరుంటే వాళ్ళది గెలుపు, బొమ్మ ముక్కలకి సున్నా. రిథీ పెద్ద జూదగాళ్ళలాగే ముక్క అంచు వంచి, లోపలి గుర్తులు ఎగిరిపోవాలన్నట్టు ఉఫ్ అని ఊదాడు.

"ఊదు నాయనా, ఊదు! ఉన్న తెలుపు కూడా ఎగిరిపోద్ది," అన్నాడు పక్కనున్న ఐసు కొట్టు ముసలాయన. అందరూ నవ్వారు.

రిథీ నవ్వలేదు. ముక్క అంచున ఎర్రగా ఏదో కనబడింది. మెల్లగా తిప్పాడు. ఆఠీను రెండు. రెండో ముక్క తిప్పాడు. డైమను రాణి, పూలు పట్టుకుని.

"పడింది! కుంథియా, నాకు ముక్క పడిందే!" లేచి నిలబడి అందరికీ చూపిస్తున్నాడు, కొత్తగా పుట్టిన బిడ్డని చూపించినట్టు.

కుంథియా తలెత్తి చూస్తే స్తంభం దగ్గర సంబాత్. ఆమె కళ్ళలోకి చూడటం లేదు.

"అన్నా, పందెం వెనక్కిచ్చెయ్. ఈయన మా ఆయన. నేనింకా పనిలోనే ఉన్నానుగా."

సంబాత్ టై సర్దుకున్నాడు.

"ఉన్నానుగా అన్నా?"

"రంగొచ్చాక వెనక్కివ్వడం ఉండదమ్మా," అన్నాడు నేలకేసి చూస్తూ. "ఆట ఆపకు. బ్యాంకు ముక్కలు తియ్యి."

ఆమె తిప్పింది. కళావరు నాలుగు. ఇస్పేటు అయిదు.

రిథీ ఇంకా రాణినే చూసుకుంటున్నాడు. "గెలిచామా? చెప్పవేం, గెలిచామా?"

"బ్యాంకు తొమ్మిది," అంది కుంథియా, రోజూ ఊరూపేరూ తెలియని వాళ్ళకి చెప్పే గొంతుతోనే. రెండు చేతులూ చాపి అమ్మ ఇంటిని తన వైపు లాక్కుంది.