పన్నెండు నిమిషాలు ముందు

సరిగ్గానే కొట్టాను కదా, ఆరంకెలూ, రెండుసార్లూ పైకి చదువుకుంటూ మరీ కొట్టాను, అయినా తెర మీద ఎర్ర అక్షరాల్లో అదే మాట, కోడు చెల్లదు, ఇంకొక్క అవకాశమే ఉంది, అదీ తప్పితే రేపటిదాకా మార్కుల సైటు తెరుచుకోదు, గడువేమో ఇవాళ ఐదింటికి, ఆలోగా మార్కులు ఎక్కకపోతే తొమ్మిది తప్పి మళ్లీ పరీక్ష రాసిన ఆరుగురూ తిరిగి తొమ్మిదిలోనే కూర్చోవాలి, పైడితల్లి కూడా, వేసవంతా నా ఎదుట కూర్చుని లెక్కలు చేసి గట్టెక్కిన పిల్ల, ఈ కొత్త పద్ధతి ఎవరు కనిపెట్టారో, పాస్‌వర్డు ఒక్కటే చాలదట, ఫోనులో నిమిషానికొకసారి మారే కోడు కూడా కొట్టాలట, నా పాత ఫోనులో ఆ ప్రోగ్రాం ఎక్కలేదు, మా ఆయన ఫోనులో ఎక్కింది, నాలుగు నెలలుగా ఎవరూ మాట్లాడని ఫోను, రోజూ చార్జింగు మాత్రం పెడుతున్నాను.

గుమ్మంలో అర్జునరావుగారు, మా బడి కరస్పాండెంటు, జబ్బుమనిషితో మాట్లాడే గొంతుతో, ఇంటికెళ్లి పడుకోండమ్మా అంటున్నారు, మంచివారే, ఈ నాలుగు నెలల్లో మంచివాళ్లంతా కలిసి నా చేతిలో పనులు ఒక్కొక్కటే తీసేసుకున్నారు, ముందు పదో తరగతి, తర్వాత పరీక్షల బాధ్యత, ఈ ఆరుగురినీ ఎవరూ అడగలేదు కనుక నాకు మిగిలారు, పోనీలెండమ్మా, ఇంకో ఏడు సదువుకుంటారు, పోయిందేటి, అన్నారాయన, పోయిందేటి అనే మాట ఎంత తేలిగ్గా వస్తుందో మనుషులకి, నేను కదలనండి అన్నాను, గట్టిగా కూడా అనలేదు, ఆయనే వెళ్లిపోయారు.

హెల్ప్‌లైన్‌లో అమ్మాయి, హైదరాబాదు నుంచి, చాలా మర్యాదగా ఒకదాని తర్వాత ఒకటి అడిగింది, యూజర్ నేమ్ సరిగ్గా ఉందా అండీ, అంకెల మధ్య ఖాళీ వదిలారా, మారేలోపే కొట్టారా, అన్నిటికీ అవును కాదు చెప్పాక, మీ ఫోనులో టైమెంతండీ అంది, నాలుగూ ముప్పై ఏడు, సైటు పైన మూలనున్న టైము చూడండి, నాలుగూ పాతిక, అదేనండీ సమస్య, కోడు టైమునిబట్టి పుడుతుంది, మీ ఫోను పన్నెండు నిమిషాలు ముందుంది, సరిచేసుకోండి, అంతే, అని పెట్టేసింది, అంతే అట, ఆ పిల్లకేం తెలుసు, మా గాజువాక కాలనీలో ఏ ఇంటి గడియారమూ నిజం చెప్పదని, స్టీల్‌ప్లాంటు షిఫ్టు బస్సు ఎవరి కోసమూ ఆగదు కనుక ఒకరింట్లో పది, ఒకరింట్లో పావుగంట ముందు తిప్పి పెట్టుకుంటారని, మా ఇంట్లో పన్నెండు, ఈయన పెట్టిందే, గోడ గడియారంలోనూ, ఫోనులోనూ, పోయిన రోజూ అలాగే ముందే వెళ్లి స్టాపులో నిలబడ్డారు, బస్సు రాకముందే కూలబడ్డారు, పదోరోజున మా ఆడపడుచు గౌరీశ్వరి కుర్చీ ఎక్కి గోడ గడియారం ముళ్లు వెనక్కి తిప్పేసింది, ఈ పాడు టైమే మా అన్నియ్యని బైటికి తోసింది వదినా, నేకపోతే నీ సేతుల్లోనే ఉండీవోడు, అని ఏడ్చింది, నేను అడ్డుపడలేదు, ఏడుస్తున్న మనిషితో ఏం వాదిస్తాను, కానీ ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను, వేళకి ముందే వెళ్లి నిలబడడం నేరం కాదు, ఆయన టైము ఇక ఈ ఫోనులోనే ఉంది, దీన్ని ముట్టుకోనివ్వను.

ఇటివ్వండి మేడమ్, నాను మార్చేత్తాను, రెండు నొక్కులు, అంటున్నాడు సాయిశంకర్, మా కంప్యూటరు మాస్టారు, వద్దన్నాను, మార్చకపోతే ఎలాగ మేడమ్, ఆ సైటు మనం సెప్పినట్టు ఇనదు, అని నవ్వాడు, వినదు సరే, వినకపోయినా లెక్క తప్పదు కదా, కోడు టైమునిబట్టే పుడితే, ఈ ఫోను నాలుగూ నలభైకి ఏ కోడు చూపిస్తుందో అక్కడి మెషీనూ తన నాలుగూ నలభైకి అదే కోడు అడగాలి, వేరేది అడగడానికి వీల్లేదు, అంటే మాకు ముందే కనబడుతోందంతే, మాస్టారూ, ఫోను నలభై అనగానే కోడు బోర్డు మీద రాయండి, సైటు నలభైకి వచ్చినప్పుడు కొడదాం, అన్నాను, సుద్దముక్క పట్టుకుని ఒక్క క్షణం ఆలోచించాడు, అంటే పేపరు లీకైనట్టేనా మేడమ్, అన్నాడు, నాకు నవ్వొచ్చింది, నాలుగు నెలల తర్వాత నా గొంతులో నవ్వు నాకే కొత్తగా వినిపించింది.

బోర్డు మీద ఆరు తెల్లటి అంకెలు, ఫోనులో ఆ కోడు ఎప్పుడో మారిపోయింది, ఇంకోటి, ఇంకోటి, మేము మాత్రం కూర్చుని చూస్తున్నాం, హార్బరు వైపు ఓడ కూత ఒకటి, తప్పితే ఆరుగురి ఏడాది పోతుంది, నా మొండితనం వల్ల పోయిందంటారు, అననీ, లెక్క తప్పయితే ఒప్పుకుంటాను, కానీ ఈ లెక్క తప్పు కాదు, సైటులో ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది, నలభై, కొట్టండి మేడమ్, బోర్డు చూస్తూ ఒక్కొక్క అంకె కొట్టాను, తెర తెల్లగా ఆగింది, ఆగింది, తర్వాత పిల్లల పేర్లు వచ్చాయి, పైడితల్లి మార్కులు మొదట ఎక్కించాను, లెక్కల్లో నలభై ఒకటి, తర్వాత మిగతా ఐదుగురివీ, ఇంకా గడువుండగానే, సాయిశంకర్ మెల్లగా, ఇప్పుడైనా ఫోను టైము సరిసేసేద్దామా మేడమ్ అన్నాడు, సరిగానే ఉంది మాస్టారూ అన్నాను, ఉంది, గౌరీశ్వరికి కూడా ఇదే చెబుతాను, మీ అన్నయ్య టైములో తప్పేమీ లేదమ్మా, ఆయన ఎప్పుడూ మనకంటే కాస్త ముందుండేవారు, అంతే, మనం నెమ్మదిగా అక్కడికి చేరుకుంటాం, చేరేదాకా ఆగగలను, ఆగడం నాకు చేతనవును.