చప్పుడు బాకీ

భార్యకు పైకి నవ్వడం రాదా, లేక తన నిద్ర కోసం మానేసిందా అన్న సందేహం ఆయనకు ఏళ్ల తరబడి ఉంది. ఆ ఉదయం గడ్డం గీసుకుంటూ కూడా అదే ఆలోచిస్తున్నాడు. వంటగదిలో ఆమె గిన్నెలు సర్దుతోంది. గిన్నె మీద గిన్నె పెడుతున్నా చప్పుడు లేదు. రెండింటి మధ్య వేలు ఉంచి, పై గిన్నె ఆనగానే మెల్లగా లాగేసుకుంటుంది. ఆయన రిటైరై నెల దాటినా ఆ వేలి అలవాటు పోలేదు.

ఆయన ఆసుపత్రి బాయిలర్ గదిలో రాత్రి డ్యూటీ మనిషి. వేణ్ణీళ్లకు, దుప్పట్లు ఉతకడానికి ఆవిరి అందించే పని. పెళ్లికి ముందు మొదలైన రాత్రి డ్యూటీ చివరిదాకా రాత్రి డ్యూటీగానే ఉండిపోయింది. వీధంతా లేచే వేళకు ఆయన పడుకునేవాడు. వీధివాళ్లు ఆయనకు పెట్టిన పేరు గుడ్లగూబ. చెంచా కింద పడితే చాలు, లేచి కూర్చునేవాడు. ఇక ఆ రోజుకు నిద్ర లేనట్టే. కోప్పడేవాడు కాదు. ఎర్రబడ్డ కళ్లతో గోడకు ఆనుకుని కూర్చునేవాడు, అంతే. ఆ కూర్చోవడం చూడలేకే ఇల్లు నోరు మూసుకుంది. కూతురు గుసగుసగా పాఠాలు చదివి, గుసగుసగా పేచీలు పెట్టి, పెళ్లి చేసుకుని వెళ్లింది. భార్యకు హాస్య సినిమాలంటే ప్రాణం. టీవీలో సౌండు పూర్తిగా తీసేసి, పెదవుల కదలిక చూసి నవ్వుకునేది. నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకునేది. భుజాలు మాత్రం కదిలేవి.

"నీకొక సినిమా బాకీ ఉన్నానే, చప్పుడుతో" అనేవాడు ఆయన అప్పుడప్పుడు.

"తీరుద్దురు లెండి. బాకీ ఎక్కడికి పారిపోతుంది?" అనేది ఆమె.

రిటైరవగానే ఆయన మొదట కొన్నవి స్పీకర్లు. టీవీకి చెరోపక్క నిలువెత్తువి రెండు, మధ్యలో అడ్డంగా ఒకటి. ఇంటికి తెచ్చి, తీగ ఎక్కడ గుచ్చాలో తెలియక కూతురికి ఫోన్ చేశాడు. "నాన్నా, వాటికి సౌండు అందించే రిసీవర్ ఉండాలి. బండి కొని ఇంజను మర్చిపోయావు" అంది కూతురు. నెల రోజులుగా అవి గదిలో ద్వారపాలకుల్లా నిలబడి ఉన్నాయి. "ఇంట్లో మూగవాళ్లు చాలరనా వీళ్లను కూడా తెచ్చారు?" అంది ఆమె, దుమ్ము తుడుస్తూ.

అందుకే ఈరోజు ఇద్దరూ దుకాణానికి బయలుదేరారు.

దుకాణంలో స్పీకర్లు పెట్టి వినిపించే గది గోడలకు మందపాటి గుడ్డ కొట్టి ఉంది. అక్కడ మాట నోట్లోంచి బయటికి రాగానే పడిపోతుంది. బట్టతల సేల్స్‌మన్ ఆయన ఫోన్‌లో స్పీకర్ వెనక చీటీ ఫొటో చూశాడు.

"నాలుగు ఓములు సార్. ఇవి కరెంటు గట్టిగా లాగుతాయి. రిసీవర్‌కు దమ్ముండాలి. లేకపోతే వేడెక్కి, తనంతట తనే ఆగిపోతుంది."

వేడెక్కి ఆగిపోవడం ఆయనకు తెలిసిన సంగతే. తలూపాడు.

సేల్స్‌మన్ ముందు పెద్ద రిసీవర్‌ను పెట్టాడు. తెర మీద వంతెన పేలింది. కూర్చున్న సోఫా అదిరింది. ఆమె రెండు చేతులతో చెవులు మూసుకుని, చటుక్కున ఆయన వైపు చూసింది. ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి. అయినా ఆ చూపులో పాత భయమే ఉంది, ఆయన నిద్ర చెడిందేమోనని.

"తగ్గించు బాబూ, తగ్గించు!"

"పవరు చూపిద్దామని అమ్మా."

"పవరెందుకు? మేమేం యుద్ధానికి పోవట్లేదుగా."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "నవ్వులు ఎందులో బాగా వినబడతాయి?"

సేల్స్‌మన్ తల గోక్కున్నాడు. "అందరూ బాంబులే అడుగుతారు సార్. నవ్వులు ఎవరూ అడగలేదు." మధ్యరకం రిసీవర్‌కు తీగలు మార్చి, ఒక హాస్య సన్నివేశం పెట్టాడు. మాటలు విడివిడిగా వచ్చాయి. మాటకు ముందు మనిషి తీసుకునే ఊపిరి కూడా వినిపించింది. ఆయన లేచి, దాని పైరేకు మీద అరచెయ్యి ఆనించాడు. జ్వరం లేని పిల్లవాడి నుదురులా గోరువెచ్చగా ఉంది.

"ఇది నాలుగు ఓములు మోస్తుందా?"

"వెనకాల రాసే ఉంది, చూడండి. పెద్దదానికి హంగెక్కువ. మీ గదికి ఇది చాలు."

ఆయన పక్కకు చూశాడు. ఆమె భుజాలు కదులుతున్నాయి. అరచెయ్యి నోటి మీదే ఉంది. సందేహం ఎక్కడిదక్కడే ఉంది.

"ఇదే ఇవ్వు" అన్నాడు.

ఇంటికి తిరిగొచ్చి, మేడ మెట్ల మలుపులో పెట్టె దించి ఆగాడు. ఎడమ చెయ్యి లాగుతోంది.

"బరువా?" అంది ఆమె.

"బరువేం కాదు. వయసు."

రెండో కొస ఆమె పట్టుకుంది.

మధ్యాహ్నమంతా తీగలతోనే సరిపోయింది. ఎర్రదానికి ఎర్రది, నల్లదానికి నల్లది. బాయిలర్ వాల్వు తిప్పినంత నిదానంగా ఒక్కో మర బిగించాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. స్విచ్చి వేసే ముందు ఒకసారి దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు. అడగడానికేమీ తోచలేదు. దేవుడు పిలుపు వింటాడంటారు; ఒక మనిషి ఇన్నేళ్లు చప్పుడు చెయ్యకుండా ఉండటం కూడా ఆ దేవుడికి వినబడే ఉంటుందా?

"కాసేపు నడుం వాలుస్తా. నువ్వు సినిమా పెట్టుకో."

"మీరు పడుకుంటే సౌండెలా పెడతానండీ?"

"పెట్టు. తలుపు కూడా వెయ్యకు. బాకీ వసూలు చేసుకో."

ఆయన లోపలి గదిలో వెల్లకిలా పడుకున్నాడు. పాట వచ్చింది, పోయింది. ఎవరో ఎవరినో తిట్టారు. ముందు గదిలో పొలమారినట్టు ఒక చిన్న శబ్దం. అది ఆగింది. మళ్లీ వచ్చింది. ఆ తర్వాత ఆమె నవ్వు, మెట్ల మీద ఇత్తడి బిందె దొర్లినట్టు, ఆగకుండా. మొరటుగా ఉంది. చివర ఒక ఎక్కిళ్ల లాంటి కొస ఉంది. ఆయన లేచి కూర్చోలేదు. వచ్చు, ఆమెకు నవ్వడం వచ్చు, అనుకున్నాడు. ఛాతీ మీద ఎవరో మెల్లగా చెయ్యి పెట్టినట్టయింది. ఆయన కళ్లు మూసుకున్నాడు.

సినిమా అయ్యాక ఆమె టీ తెచ్చింది. "ఏమండీ." ఇంకోసారి పిలిచింది. గ్లాసు బల్ల మీద పెట్టి, నుదుటి మీద చెయ్యి వేసింది. చల్లగా తగిలింది. చాలాసేపు ఆ చెయ్యి అక్కడే ఉంచింది. తర్వాత ముందు గదిలోకి వెళ్లి, అన్నిటికన్నా ముందు, సౌండు తగ్గించింది. అప్పుడు కూతురికి ఫోన్ చేసింది, గుసగుసగా.

తలుపు గడియకు, పగలు పడుకునేటప్పుడు ఆయన కళ్లకు కట్టుకునే నల్లగుడ్డ వేలాడుతోంది. పొద్దున ఉతికి ఆరేసింది ఆమే. అంచులు ఇంకా తడిగానే ఉన్నాయి.