దేవుళ్ల బండి దగ్గర అడుగులు

ఈ ఏడు టండ్రాలో ఎలుకలు లేవు. ఎలుకలు లేని ఏడు నక్కలు గుడ్ల మీద పడతాయి. దానికితోడు మంచు కరగనని మొండికేసింది. గూడు పెట్టుకోవడానికి పొడినేల దొరక్క ఒక ఉల్లంకి పిట్ట మా గుడారం వెనక, మా దేవుళ్ల బొమ్మలు మోసే మంచుబండికి ఈవల తేలిన చారెడు నేలలో నాలుగు గుడ్లు పెట్టింది. మా కుక్కలుండగా నక్క రాదని దాని ధీమా కాబోలు.

గుడారానికీ దేవుళ్ల బండికీ మధ్య ఆడది అడుగుపెట్టకూడదు. పెడితే ఆ చోటు మైలపడినట్టే, మర్నాడే విడిది ఎత్తేయాలి. కాపురానికొచ్చినప్పటి నుంచీ నీళ్లకైనా పుల్లలకైనా చుట్టూ తిరిగే వెళ్లాను. నా మోకాళ్లు అరిగింది సగం ఆ తిరుగుడుకే.

మా ఆయన ఎదెయ్కో వసంతంలో బండి తిరగబడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆసుపత్రి మాటెత్తితే మొహం తిప్పేసుకుంటాడు. తిప్పి పడుకోబెట్టేదీ తినిపించేదీ నేనే. విడిది కదిలితే ఆ కుదుపులకు ఆయన ప్రాణం నిలవదు. ఆ సంగతి మాకందరికీ తెలుసు, ఎవరమూ పైకి అనలేదు. మా కొడుకు పుదాకో మాత్రం దోమలు లేవకముందే జింకల మందను సముద్రపొడ్డుకు తోలాలని రోజూ గునుస్తున్నాడు. ఉన్నది ఒక్కటే గుడారం, మమ్మల్ని వదిలి వాడొక్కడూ పోలేడు. ఆ గుడ్లు పిల్లలయ్యేదాకా కదిలేది లేదని ముసలాయన పట్టుబట్టాడు. గుడ్లు ఆయనకో సాకు. నిజం చెప్పొద్దూ, నేనూ విసిగిపోయాను. ఇదంతా ఎప్పుడు తెములుతుందా అని ఒక్కోసారి నాకే అనిపించేది.

ఆవేళ పుదాకో కుక్కలన్నిటినీ మంద దగ్గరికి తీసుకుపోయాడు. నేను పుల్లలు విరుస్తుంటే నక్క వచ్చింది, డొక్కలెండిపోయి. పిట్ట రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ దాన్ని పక్కకు లాగబోయింది. నక్క అటు చూడనైనా లేదు. అరిచాను, పుల్ల విసిరాను. లెక్కచేయలేదు. ఆ గుడ్లు పోతే కదలొద్దనడానికి ముసలాయనకు ఇక సాకు లేదు. అంతే, ఆ అడుగుపెట్టకూడని చోటికే అడ్డంగా పరిగెత్తాను.

నక్క పారిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే గుడారం అంచు పైకెత్తి మా ఆయన చూస్తున్నాడు. తడిమంచులో నా అడుగులు కొట్టొచ్చినట్టు కనిపిస్తున్నాయి. లోపలికొచ్చి మైల పోవాలని కొవ్వు పొగబెట్టి దాని మీదుగా దాటాను. జింకల్ని పట్టే తాడు తొక్కానని ఒకప్పుడు నాతో మాట్లాడటం మానేసిన మనిషి, ఇప్పుడు ఒక్క ముక్క అనలేదు.

సాయంత్రం పుదాకో వచ్చాడు.

"ఆ అడుగులెవరివి?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోగా పక్కమీంచి ముసలాయన "నావే" అన్నాడు.

వాడు తండ్రి కాళ్ల వంక చూశాడు, నా వంక చూశాడు. వాడికి అర్థమైంది. బక్కచిక్కిన మందను చూసి చూసి వాడూ అలిసిపోయి ఉన్నాడు.

"మంచిదే నాన్నా" అన్నాడు తలొంచుకుని. "నడవగలిగినోడివి, బండెక్కలేవా? రేపు పోదాం."

నేను ఒప్పుకున్నా రేపే పోవాల్సి వచ్చేది. ఎలాగూ తప్పదని తెలిసే, విడిది నా వల్లే కదిలిందన్న మాట నా మీద పడకుండా తన మీద వేసుకున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు.

"ఊరుకోవే, సామాన్లు సర్దు" అన్నాడాయన కళ్లు మూసుకుని. "నన్ను మాత్రం కాసేపు లేపకు. అంత దూరం నడిచొచ్చానా, అలిసిపోయాను."