పరదా అవతలి మీట

మొఘల్‌పురాలో ఒక జాగీర్దారు ఇంట్లో, మంచం పట్టిన పెద్ద బేగం పక్కనున్న మీట నొక్కితే బయటి వరండాలో గంట మోగాలి. నిన్నటి నుంచి మోగడం లేదు. దాహమైనా ఆమె ఎవరినీ పిలవలేకపోతోంది.

తీగె తెగిందనుకుని వైర్‌మన్ కొండల్‌ను పిలిపించారు. ఆడవాళ్లుండే జనానాలోకి పరాయి మగవాడు పోరాదు. ఇంటి ఆడవాళ్లకు మీట ముట్టాలంటే భయం. అందుకని పాలు పోసే కొమురమ్మను లోపలికి పంపి, అతను పరదా ఇవతల గంట కింద కూర్చున్నాడు.

"అక్కా, మీట మూత తీసి రెండు తీగెల కొసలు కలుపు. మోగితే తీగె తెగనట్టే."

"కరెంటు పట్టుకుంటదేమో తమ్మీ!"

"గా గంట బ్యాటరీది. నిన్ను పట్టేంత దమ్ము దానికెక్కడిది?"

కొమురమ్మ కలిపింది. గంట గణగణమంది. మూత బిగించి నొక్కినా మోగింది.

"ఇగ బేగం సాహెబాను నొక్కమను."

ఈసారి మోగలేదు.

"తీగె మంచిగనే ఉంది తమ్మీ," అంది కొమురమ్మ మెల్లగా. "ఆమె ఏలుకే బలం లేదు."

కొండల్ మీటను బయటికి తెప్పించి, లోపలి స్ప్రింగు తీసి, మెత్తటిది వేసి పంపాడు. కాసేపటికి గంట మోగింది.

"ఏం గావాల్నట?"

"ఏమొద్దట. ఊకెనే నొక్కుతున్నది."

గంట మళ్లీ మోగింది.