గురకమ్మకు మిగిలిన ఒక్క ఛాన్సు

నేను దర్జీని. ఇంజిన్ల షెడ్డు ఎదురుగానే నా దుకాణం. ముప్పయ్యేళ్లుగా రైల్వేవాళ్ల యూనిఫారాలు కుడుతున్నాను. పాత డీజిల్ ఇంజిన్లంటే చెవి కోసుకుంటాను. ఆడదానికి ఇంజిన్ల పిచ్చేమిటని నవ్వేవాళ్లకు ప్యాంటు అంగుళం పొట్టిగా కుట్టి పంపిస్తాను. చెప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు.

అన్నిటిలోకీ నా ప్రాణం గురకమ్మ. పదహారు సిలిండర్ల ముసలి ఇంజిన్. ఊరికే నిలబడ్డప్పుడు అది చేసే చప్పుడు, భోంచేసి పడుకున్న పెద్దావిడ గురకలా ఉంటుందని మా బావ ఆ పేరు పెట్టాడు. బావంటే మా అక్క మొగుడు. ఆ షెడ్డులోనే హెడ్ ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. కొత్త ఇంజిన్లు పోతుంటే పక్కింట్లో మిక్సీ తిరిగినట్టుంటుంది, అంతే. గురకమ్మ పోతుంటే నా సీసాల్లో గుండీలు కూడా లేచి కూర్చునేవి.

ఎనిమిదేళ్లుగా అది తుక్కు లైనులో పడి ఉంది. పాత ఇంజిన్ల పిచ్చివాళ్లం ఏడుగురం, షెడ్డు ఆఫీసరు కాళ్లావేళ్లా పడి అనుమతి తెచ్చుకుని, రెండేళ్లపాటు ప్రతి ఆదివారం దాన్ని బాగుచేశాం. బావే మా మేస్త్రి. చివరికి ఆఫీసరు తేల్చి చెప్పేశాడు. గురువారం మధ్యాహ్నం పన్నెండులోగా తనంతట తాను స్టార్టయితే మ్యూజియానికి, లేదంటే కోతకు.

గురువారం పదకొండింటికే కోసేవాళ్లు లారీలోంచి గ్యాస్ సిలిండర్లు దించేశారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంకో గంట ఆగితే వీళ్ల సొమ్మేం పోతుంది?

బ్యాటరీలు మూడుసార్లు తిప్పడానికే సరిపోతాయన్నాడు బావ. మొదటిసారి బటన్ నొక్కాడు. ఇంజిన్ బరువుగా తిరిగింది కానీ అంటుకోలేదు. రెండోసారీ అంతే.

"మళ్లీ నొక్కనా?" అన్నాడు బావ.

"ఆగు బావా. ఇప్పుడు నొక్కావంటే చెయ్యి విరిచేస్తాను. పొగ ఏది?"

"ఏం పొగ?"

"అంటుకోకపోయినా లోపలికి డీజిల్ వెళ్తే తెల్లపొగన్నా రావాలి కదా. పొగగొట్టం పైన చూడు, ఆకాశం కడిగినట్టుంది."

ఆఫీసరు వాచీ చూసుకున్నాడు. పన్నెండుకి ఇంకా తొమ్మిది నిమిషాలున్నాయి.

నేను ఫోన్ తీశాను. గురకమ్మ ఆఖరి రోజు గురకను అప్పట్లో రికార్డు చేసుకున్నాను. రోజూ అది వింటూనే మిషను తొక్కుతాను. గురక ఆగే ముందు అందులో ఠక్‌మని ఒక చప్పుడుంది. ఎవరో తలుపేశారనుకునేదాన్ని ఇన్నాళ్లూ. ఇప్పుడెందుకో అనుమానమొచ్చి బావ చెవి దగ్గర పెట్టాను. విన్నాక అతని ముఖంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు.

వేగం మితిమీరితే ఇంజిన్ను ఆపేయడానికి ఈ పాతవాటికి ఒక మీట ఉంటుంది. ఆ ఠక్‌మన్నది అదే. అది పడిందంటే, మళ్లీ చేత్తో పైకెత్తేవరకూ సిలిండర్లలోకి డీజిల్ చుక్క వెళ్లదు. తుక్కుకు పంపే ఇంజిన్ను ఇంకెవరూ కదిలించకుండా ఆ మీటను చేత్తో పడేసి రావడం ఆ షెడ్డులో పాతవాళ్ల అలవాటు.

"నేనే పడేశాను," అన్నాడు బావ. "ఆ రోజు ఏడుపొచ్చి కళ్లు కనపళ్లేదు. పడేసి దిగిపోయాను. ఆ సంగతే మర్చిపోయాను."

"రెండేళ్లు దాని పొట్టంతా విప్పి కట్టావు. మీట కనపళ్లేదా?"

"అది ఎన్నడూ తనంతట తను పడింది కాదు. ఎందుకు చూస్తాను?"

తిట్టడానికి తీరిక లేదు. బావను బటన్ దగ్గరే ఉండమని, అతను చెప్పిన పక్క తలుపు తెరిచి నేనే లోపలికి దూరాను. మీట మొండికేసింది. కాలు తన్నిపెట్టి, రెండు చేతులతో, నా కోపమంతా కలిపి లాగాను. లేచింది.

"ఇప్పుడు నొక్కు బావా."

బ్యాటరీలు మూలిగాయి. ఒక తిప్పు, రెండు తిప్పులు. తెల్లపొగ వచ్చింది. ఒక సిలిండరు దగ్గింది, తర్వాత నాలుగు, తర్వాత పదహారూ. నల్లటి పొగ షెడ్డు కప్పును దాటి లేచింది. కాళ్లకింద రాళ్లు అదిరాయి. ఎనిమిదేళ్ల తర్వాత గురకమ్మ గురక పెట్టింది. అంత సంతోషం నా జన్మలో ఎరగను.

"ఎవరు కనిపెట్టారు?" అని అరిచాడు ఆఫీసరు, ముఖంమీద మసితోనే.

"తప్పు నాదండి," అన్నాడు బావ, అందరూ వినేలా. "పట్టుకున్నది మా మరదలు. బట్టలు కుట్టుకోక నీకెందుకే ఇంజిన్ల గోల అని ఇన్నేళ్లూ ఎగతాళి చేశాను. ఈ లైనులోంచి దీన్ని బయటికి తీసుకెళ్లాల్సింది ఆవిడేనండి."

స్టార్టయితే నడపడానికని ఎక్కి కూర్చున్న డ్రైవరు వంక చూసి తలూపాడు ఆఫీసరు. డ్రైవరు లేచి తన సీటు నాకిచ్చి, పక్కనే నిలబడి, ఏది ఎంత లాగాలో చెప్పాడు. గురకమ్మ కదిలింది. తుక్కు లైను దాటి పెద్ద లైనెక్కేదాకా నేను ఏడుస్తూ హారన్ మోగిస్తూనే ఉన్నాను. ఆపమని ఎవ్వరూ అనలేదు.