సగటు వేగం

యుద్ధాల్లో చనిపోయినవాళ్ళ పేర్లు చెక్కిన రాతిస్తంభం మా ఊరి కూడలిలో ఉంది. నవంబరులో దాని ముందు చేమంతి కుండీలు పెడతారు. గయెతాన్‌ను నేను మొదటిసారి చూసింది అక్కడే. ఆ కుండీలను కాలితో పక్కకు నెట్టి, తన సైకిల్‌ను స్తంభానికి ఆనించి ఫోటో తీసుకుంటున్నాడు. పనయ్యాక కుండీలను ఉన్నచోట పెట్టలేదు. ఆ మనిషి గురించి ఇక తెలుసుకోవలసింది పెద్దగా ఉండదని నాకు అప్పుడే అనిపించింది. అయినా దాదాపు రెండేళ్ళు వాడితో కలిసి సైకిల్ తొక్కాను.

లియోన్ నగరం నుంచి వచ్చి, వాగు పక్కన మూతపడిన పిండిమిల్లు కొనుక్కున్నాడు. ఇళ్ళ స్థలాల వ్యాపారంలో బాగా గడించి, తల నెరవకముందే పని మానేశాడట. ఈ సంగతి మేం అడగలేదు. వాడే చెప్పాడు, తర్వాత కూడా చాలాసార్లు చెప్పాడు. మా మోర్వాన్ కొండల్లో ఆదివారాలు కంకర బాటల్లో తొక్కే చిన్న సంఘం ఒకటి ఉండేది. లావు టైర్లున్న గ్రావెల్ సైకిళ్ళు మావి. బీచ్ అనే అడవి చెట్ల మధ్య కలప లారీల దారులు, రాళ్ళు తేలిన వాలుదారులు, తెల్లావుల బీళ్ళ వెంట సందులు, చివరికి ఏదో ఒక ఊళ్ళో కాఫీ కొట్టు. ఎవరూ ఎవరికీ నాయకులు కారు. నేను బడి బస్సు నడుపుతాను. ఒదెత్ పశువుల డాక్టరు. లెయోన్స్ గారు మాంసం కొట్టు కూతురికి అప్పగించిన తర్వాతే సైకిలెక్కాడు. మా అందరిలోకీ పెద్దవాడు, నెమ్మదివాడు, వాలులో దిగేటప్పుడు మాత్రం పిల్లాడిలా కేకలు పెట్టేవాడు.

గయెతాన్ వచ్చాక మాకు టైర్లలో గాలి ఎంత ఉండాలో తెలిసింది. అంతకుముందు ఎలా బతికామో మరి. ఎక్కడ ఆగినా అదే ఉపన్యాసం. హ్యాండిల్ మీద బిగించుకున్న యంత్రంలో సగటు వేగం చూసి మాకు వినిపించేవాడు. మా అడవిని ‘నా ఆటస్థలం’ అనేవాడు. దారులు గీసే పని కూడా తనే తీసుకున్నాడు. ఒకసారి వాడు కంప్యూటర్లో గీసిన గీత తిన్నగా ఒక రైతు బీడులోకి పోయింది. మేం సైకిళ్ళను ముళ్ళతీగ మీదుగా ఎత్తి దాటిస్తుంటే, ఆ రైతు ట్రాక్టరు ఆపి చూస్తూ నిలబడ్డాడు. దారి మ్యాపులో ఉందనీ, కంచె వేసినవాడిదే తప్పనీ గయెతాన్ వాదించాడు.

“మ్యాపులో ఆబోతు లేదు కాబోలు. అదిగో, అక్కడుంది. వెళ్ళి దానికి చెప్పండి,” అన్నాడు రైతు.

గయెతాన్ చెప్పలేదు. కంచె మళ్ళీ దాటి బయటికొచ్చి, పల్లెటూరివాళ్ళకు మార్పు గిట్టదని మాకు వివరించాడు. మేం పల్లెటూరివాళ్ళమేనని వాడికి తోచినట్టు లేదు.

ఇవన్నీ నవ్వుకుని వదిలేయగలిగినవే. ఏప్రిల్లో జరిగింది అలాంటిది కాదు.

వాన వెలిసిన ఆదివారం. చెట్లు కొట్టే యంత్రాలు తిరిగి, వాలుదారంతా లోతైన చక్రాల గాడులు పడి, వాటి మీద తడి ఆకులు కప్పుకుని ఉన్నాయి. లెయోన్స్ గారు ముందు, ఆయన వెనకే గయెతాన్. ఒదెత్ సైకిల్ గొలుసు జారితే నేనూ ఆమెతో పైన ఆగిపోయాను. తర్వాత దిగుతూ మలుపు తిరిగేసరికి లెయోన్స్ గారు గాడిలో వెల్లకిలా పడి ఉన్నాడు. సైకిల్ ఆయన కాళ్ళ మీద ఉంది. ముఖం సున్నంలా తెల్లబారింది. గయెతాన్ ఎక్కడని అడిగాను.

“గంట కొట్టాడమ్మా,” అన్నాడాయన. “దారికి ఆవు అడ్డం పడుకుంటే కొడతామే, అట్టా కొట్టాడు. కొట్టి, నా తల పక్క నుంచి పోయాడు.”

ఆ లోయలో ఫోను పనిచేయదు. ఒదెత్ ఆయన్ను కదలకుండా పట్టుకుని కూర్చుంది. నేను కిందున్న పొలం ఇంటికి పరుగెత్తి అంబులెన్సును పిలిపించాను. భుజం ఎముక విరిగింది, తుంటి చిట్లింది. మోసుకెళ్ళేటప్పుడు ఆయన ఒక్కసారి కూడా అరవలేదు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది.

కాఫీ కొట్టు దగ్గర గయెతాన్ ఎండలో కూర్చుని బీరు తాగుతున్నాడు. లెయోన్స్ గారు పడటం చూశావా అని అడిగాను.

“చూశాను. కదులుతున్నాడుగా. వెనక మీరు రానే వస్తారు. ఆ వాలులో ఆగితే సగటంతా పోయేది, బెర్తిల్. నువ్వయినా ఆగవు.”

“నేను ఆగాను.”

“అందుకే నీ సగటు అట్లా ఏడ్చింది,” అని నవ్వాడు. హాస్యమాడుతున్నాననే అనుకున్నాడు, నిజంగానే.

వాడి ముఖాన బీరు పోయాలనిపించింది. పోయకుండా ఆసుపత్రికి వెళ్ళాను. అక్కడ ఒదెత్, వాణ్ణి అందరి ముందూ నిలబెట్టి కడిగేస్తానంది. లెయోన్స్ గారు మంచం మీంచే వద్దన్నాడు.

“తిట్టకండి. తిడితే వాడు క్షమాపణ చెబుతాడు. అప్పుడు మనం కూర్చుని వినాలి.”

అందుకే ఎవరం ఏమీ అనలేదు. వాడు దాన్ని గౌరవం అనుకున్నాడు.

అక్టోబరులో బయటివాళ్ళను పిలిచి ఒక రోజంతా అడవిలో తిప్పడం మా సంఘం ఆనవాయితీ. దిజోన్ నగరం నుంచి, ఇంకా దూరం నుంచి కొందరు వచ్చారు. అందరికంటే ముందు గయెతాన్, మెరిసే చొక్కాలో. చీలిక దారి వచ్చింది. కుడివైపు వాడు గీసిన దారి, ఎడమవైపు లెయోన్స్ గారి పల్లె. మేం ముందుగా ఏమీ అనుకోలేదు. ఒదెత్ బ్రేకు వేసి కాలు నేల మీద పెట్టింది. ఆమె వెనక నేను ఆగాను. నా వెనక అందరూ ఆగారు. గయెతాన్ మాత్రం టైర్లలో గాలి గురించి చెప్పుకుంటూ కుడివైపు చెట్లలోకి పోయాడు. గొంతు కాసేపు వినిపించింది. మొదటి మలుపులోనైనా వెనక్కి తిరిగి చూస్తాడనుకున్నాను. చూడలేదు.

దిజోన్ నుంచి వచ్చినావిడ, మనం ఆయన వెంట వెళ్ళాలి కదా అని మెల్లగా అడిగింది.

“ఆయనకు మనుషులు అక్కర్లేదండీ, దారి ఉంటే చాలు,” అని ఒదెత్ ఎడమవైపు తిప్పింది.

లెయోన్స్ గారు చంకలో కర్రతో వాకిట్లోకి వచ్చాడు. అంతమందిని చూసి తిట్టుకుంటూనే కూతుర్ని కేకేసి, పందికొవ్వు ముక్కలు వేసిన మందపాటి అట్లు పోయించాడు. నాయకుడేడని అడిగితే ముందున్నాడని చెప్పాం. ఉండనివ్వండి అన్నాడు. వేటగాళ్ళు తిరిగే కాలం, వాడు ఒంటరిగా ఉన్నాడని నాకు ఒకసారి గుర్తొచ్చింది. ఇంకో అట్టు వేసుకున్నాను.

సాయంత్రం కాఫీ కొట్టుకు చేరేసరికి వాడు ముందే ఉన్నాడు. వాడి ముఖంలో నొప్పి కోసం వెతికాను. కనిపిస్తే సంతోషించేదాన్నే. వాడు లేచి నిలబడి చేతులు చాచాడు.

“ఒక్కరు కూడా నన్ను అందుకోలేకపోయారుగా! నా సగటు ఎంతో చూస్తారా?”

వేరే దారిలో వెళ్ళామని ఎవరో చెప్పబోయారు. ఒదెత్ ఆ మనిషి చెయ్యి నొక్కింది. యంత్రం చేతులు మారింది. అందరూ చూసి, ఊఁ కొట్టి, వెనక్కిచ్చారు.

చలికాలం సమావేశంలో గయెతాన్ అధ్యక్ష పదవికి నిలబడ్డాడు. పోటీ లేదు. ఒక్క చెయ్యి లేచింది, అది వాడిదే. ఎవరూ వ్యతిరేకించనందుకు ధన్యవాదాలు చెప్పి, సంఘం భవిష్యత్తు గురించి చాలాసేపు మాట్లాడాడు. ఆ వారమే మేమందరం సంఘం మానేశాం. వాడు ఇప్పటికీ అధ్యక్షుడే. చొక్కాకు సంఘం ముద్ర కుట్టించుకున్నాడు.

మేం ఇప్పుడు పేరు లేకుండా తొక్కుతున్నాం. వసంతంలో లెయోన్స్ గారు మళ్ళీ సైకిలెక్కాడు. మొదటి ఎత్తులోనే తుంటి మొరాయించింది. దిగి నెట్టుకుంటూ నడిచాడు. మేమూ దిగి నడిచాం. దారి పొడుగునా ఆయన మమ్మల్ని సోమరిపోతులని తిడుతూనే ఉన్నాడు. ఇంతలో పైనుంచి గయెతాన్ దూసుకొచ్చాడు. నడుస్తున్నారా, పాపం అని నవ్వుతూ అరిచి, కంకర మా కాళ్ళ మీదికి చిమ్మి, కిందికి పోయాడు.

లెయోన్స్ గారు ప్యాంటు దులుపుకున్నాడు.

“ఎవరమ్మా అతను?” అని ఒదెత్‌ను అడిగాడు.

“ఎవరో, తెలీదు,” అంది ఒదెత్.

మళ్ళీ నెట్టడం మొదలుపెట్టాం.