మిషన్‌లో మిగిలిన బట్టలు

బట్టల మిషన్ తలుపు తీస్తే లోపల బట్టలున్నాయి. ఉతికిన బట్టలు కావు, ఉతుకుతూ ఉన్న బట్టలు. సబ్బు నురుగు ఎండి చారలు కట్టింది, అడుగున ఇంకా నాలుగు చెంబుల నీళ్ళున్నాయి. రెండు రోజులు లారీలో ఉండిపోయాయి కాబట్టి ఆ ఆగస్టు ఎండకి ముక్కిన వాసన గుప్పుమంది. ఎవరో సగం ఉతుకులో ఉండగా ప్లగ్గు పీకేశారన్నమాట. ఆ సంగతి నాకు ఆ నిమిషమే అర్థమైంది. అర్థమయ్యాక నా నోట్లోంచి వచ్చిన మాట ఏమిటంటే, "దీని నీళ్ళ గొట్టం కూడా తెచ్చావా?" అని.

"అన్నీ తెచ్చాను. ఇకనైనా నీ సణుగుడు ఆపుతావా?" అన్నాడు మా ఆయన, మెడ మీద చెమట తుడుచుకుంటూ.

ఆయన పేరు దాగర్. మా పెద్దవాడి పేరు మీద ఊరంతా అబూ గస్సాన్, అంటే గస్సాన్ నాన్న, అంటారు, నేనూ అలాగే పిలుస్తాను. ప్రభుత్వ ధాన్యం గిడ్డంగిలో లారీ డ్రైవరు. మా ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వెళ్ళిన మర్నాడే లారీతో సహా ఆయన్నీ పంపించారు. వెళ్ళేటప్పుడు సిపాయిలకి బియ్యం బస్తాలు, వచ్చేటప్పుడు ఖాళీ లారీ. కానీ ఖాళీగా ఎవరూ రావడం లేదు. కువైట్ వాళ్ళే మమ్మల్ని రమ్మని పిలిచారని రేడియోలో పొద్దస్తమానం అదే మాట, బస్రాలో మా వీధిలోనేమో ప్రతి గడప ముందూ ఏదో ఒకటి దిగుతోంది. ఒకరింట్లో టీవీ, ఒకరింట్లో సోఫా. ఎదురింటి బాసిల్ వాళ్ళమ్మ ఉమ్ బాసిల్‌కి ఏకంగా పళ్ళ డాక్టరు కుర్చీ వచ్చింది. అదెందుకో ఆమెకీ తెలీదు, తెచ్చిన మొగుడికీ తెలీదు. వసారాలో వేసుకుని దాంట్లో కూచుని బెండకాయలు తరుగుతోంది.

నాకు వచ్చింది మాత్రం నేను పదకొండేళ్ళుగా అడుగుతున్నదే. ఇంట్లో తొమ్మిది మందిమి. మేమిద్దరం, నలుగురు పిల్లలు, మా అత్త, పెళ్ళికాని మరుదులు ఇద్దరు. ఖర్జూరాల పాకింగ్ షెడ్డులో ఎనిమిది గంటలు నిలబడి ఇంటికొచ్చి, పెరట్లో రేకు తొట్టి ముందు చతికిలబడితే మళ్ళీ లేవడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చేది. "దేవుడు రెండు చేతులిచ్చాడు. చాలకపోతే నన్నేం చెయ్యమంటావు?" అనేవాడు అబూ గస్సాన్. అత్త ఇంకో మాట అనేది. "నేను ఏటి ఒడ్డున పదిమందికి ఉతికాను, చచ్చిపోయానా?" చిన్న మరిది సాదిక్ చొక్కా కాలరు తెచ్చి నా మొహం ముందు ఆడించి, "వదినా, దీన్ని ఉతకడం అంటారా, తడపడం అంటారా?" అని అడిగేవాడు. అందరూ నవ్వేవారు. నేను కూడా నవ్వేదాన్ని. ఎందుకు నవ్వేదాన్నో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోతుంది.

ఇంతకీ ఆ బట్టలు. నేను ఒక్కొక్కటీ పైకి తీస్తుంటే అత్త పక్కనే స్టూలు వేసుకుని కూచుంది. బాతుల బొమ్మలున్న పిల్లల పైజామాలు మూడు, మగవాళ్ళ తెల్లటి పొడుగు చొక్కా ఒకటి, లేసు అల్లిన ఆడవాళ్ళ గౌను ఒకటి. అన్నిటికీ అడుగున నడుముకి నాడా ఉన్న నూలు లంగా, పొట్ట కూడా కప్పని పొట్టి జాకెట్టు. మా షెడ్డు దారిలో ఒకప్పుడు హిందీ కూలీల ఇళ్ళుండేవి. ఇండియా నుంచి ఎవరొచ్చినా మాకు హిందీలే. వాళ్ళ ఆడవాళ్ళు చీర లోపల ఇలాంటివే కట్టుకునేవారు. లంగా అంచు తెగిన చోట వేరే రంగు దారంతో కుట్టి ఉంది. జాకెట్టుకి ఒక హుక్కు ఊడితే అక్కడ పిన్నీసు పెట్టి ఉంది.

"పనిమనిషివి," అంది అత్త. "నూలు గుడ్డ, నీళ్ళు బాగా పీలుస్తుంది. మసిగుడ్డలకి చించెయ్. ఆ గౌను నాకివ్వు. పిల్లల బట్టలు మన చిన్నదానికి సరిపోతాయి."

"పిల్లల బట్టలు వద్దత్తా. ఆ పిల్లల తల్లికి ఎప్పటికైనా తిరిగివ్వచ్చు. దాస్తాను," అన్నాను.

"ఆహా, మహాతల్లివి. మిషన్ ఉంచుకుని పైజామాలు తిరిగిస్తుందట!"

ఆవిడ వెక్కిరింపులో తప్పేముంది? అయినా నేను ఆ పైజామాలు మళ్ళీ ఉతికి, ఇస్త్రీ చేసి, దిండు గలీబులో చుట్టి బీరువా మీద పెట్టాను. ఆ పూటంతా నన్ను నేను మెచ్చుకుంటూ తిరిగాను. లంగా మాత్రం అంచు దగ్గర పళ్ళతో కొరికి పట్టుకుని పర్రున చించాను. నాలుగు మసిగుడ్డలయ్యాయి. జాకెట్టు సైకిల్ తుడుచుకోవడానికి సాదిక్ తీసుకున్నాడు. నన్నెవరూ బలవంతం చెయ్యలేదు. ఆ లంగాని కూడా తిరిగివ్వాలన్న ఆలోచన నాకు తట్టనేలేదు, అంతే.

అబూ గస్సాన్ ఆ సాయంత్రమే మళ్ళీ లారీ ఎక్కి వెళ్ళిపోయాడు. తర్వాతి తొమ్మిది రోజులు నా జన్మలో అంత సుఖపడింది లేదు. ఇది చెప్పకుండా దాటేస్తే అబద్ధమాడినట్టే. ఏ బటన్ ఏం చేస్తుందో ఒక పూటలో నేర్చేసుకున్నాను. గుండ్రటి అద్దం వెనక బట్టలు గిరగిరా తిరుగుతుంటే పిల్లలు సినిమా చూసినట్టు దాని ముందు బాసింపట్టు వేసుకు కూచునేవారు. నేను కూడా కూచునేదాన్ని. పెళ్ళయ్యాక మొదటిసారి మధ్యాహ్నం పడుకున్నాను. చేతి వేళ్ళ సందుల్లో పగుళ్ళు మానాయి. ఉమ్ బాసిల్ గోడ మీంచి తొంగి చూసి, "అదృష్టవంతురాలివే ఉమ్ గస్సాన్! నీ మొగుడికి నీమీద ప్రేముంది. మావాడు చూడు, ఈ కుర్చీ తెచ్చాడు," అంటే సిగ్గుపడుతున్నట్టు తల దించుకున్నాను. నాకు సిగ్గెయ్యలేదు. గర్వమేసింది.

మూడేళ్ళ కిందట ఇరాన్ ఫిరంగిగుళ్ళు మా వీధిలో పడ్డప్పుడు మేమూ కట్టుబట్టలతో పరిగెత్తినవాళ్ళమే. తీగ మీద తడి బట్టలున్నాయి, ఒక్క నిమిషం ఆగమంటే అబూ గస్సాన్ "గుళ్ళు పడుతుంటే నీకు బట్టలేంటే, బుద్ధిలేనిదానా!" అని జబ్బ పుచ్చుకుని లాక్కెళ్ళాడు. రెండు నెలల తర్వాత తిరిగొస్తే, పక్కింటి ముసలమ్మ మా బట్టలన్నీ తీసి, మడతపెట్టి, ఎలకలు కొట్టకుండా ట్రంకుపెట్టెలో దాచి ఉంచింది. ఆమెని కౌగిలించుకుని ఏడ్చాను. ఆ తొమ్మిది రోజుల్లో ఆ ముసలమ్మ నాకు గుర్తు రాలేదంటే అది కూడా అబద్ధమే. గుర్తొచ్చినప్పుడల్లా ఇంకో దఫా బట్టలు వేసి మిషన్ తిప్పేదాన్ని. ఆ చప్పుడులో ఏదీ వినబడదు.

రెండో శుక్రవారం అబూ గస్సాన్ వచ్చాడు. చేప వేయించి, అన్నం వండాను. మగవాళ్ళు ముగ్గురూ చాప మీద పళ్ళెం చుట్టూ కూచున్నారు. మిషన్ ఎలా దొరికిందో చెప్పమని సాదిక్ వెంటపడ్డాడు.

"అబ్బో, అదో పెద్ద కథ," అన్నాడు అబూ గస్సాన్, ముల్లు తీసి పక్కన పెడుతూ. "ఇంటివాళ్ళు మొదటిరోజే కారేసుకుని సౌదీ దారి పట్టారట. మేం వెళ్ళేసరికి ఇల్లంతా ఖాళీ. ఒక్క హిందీ పనిమనిషి మిగిలింది. యుద్ధం జరుగుతుంటే అది ఏం చేస్తోందో తెలుసా? బట్టలుతుకుతోందిరా!"

సాదిక్ పడీపడీ నవ్వాడు. "బట్టలా!"

"ఒట్టు! మేం మిషన్ కదిలించేసరికి దాన్ని వాటేసుకుంది. వచ్చీరాని అరబ్బీలో ఒకటే ఏడుపు. 'మేడమ్ తిడుతుంది, మేడమ్ తిడుతుంది' అని. మేడమెక్కడుందే? ఈపాటికి రియాద్‌లో పడుకుని ఉంటుంది! ఎంత చెప్పినా వదల్దే. మనిషి చూస్తే ఇంతుంది, పట్టు మాత్రం ఉడుంపట్టు. చివరికి వేళ్ళు ఒక్కొక్కటీ విడదీశాను."

ఆయన ఎడమచేత్తో కుడిచేతి వేళ్ళు ఒక్కొక్కటీ వెనక్కి వంచి చూపించాడు. నవ్వులు. నేను పొయ్యి మీంచి అన్నం గిన్నె దించి తెచ్చాను. చెయ్యి కాలకుండా పట్టుకున్న మసిగుడ్డ ఆమె లంగా ముక్కే. వేరే రంగు దారం కుట్లు సరిగ్గా నా బొటనవేలి కింద తగులుతున్నాయి.

ఇంటివాళ్ళు వదిలేసి పోయినా వాళ్ళ పిల్లల బట్టలు ఉతుకుతోంది. మాకు నవ్వులాట. కానీ ఇల్లు చూసుకో అని ఒకసారి చెబితే, ఫిరంగులు మోగుతున్నా నేనైనా అదే చేసి ఉండేదాన్ని. ఏడవడానికి కూడా మేడమ్ తిట్టే తిట్టునే అడ్డం పెట్టుకుంది, తన భయం చెబితే వినేవాళ్ళెవరూ లేరని తెలుసు కాబట్టి. పైజామాల తల్లి కోసం నేను జాలిపడ్డాను. ఆ పైజామాలు ఉతికిన మనిషి బట్టలు పళ్ళతో చించాను. మా ఆయన ఆమె వేళ్ళు విడదీస్తే నేను మిగతాది పూర్తిచేశాను.

"తర్వాత ఆమె ఏమైంది?" అన్నాను.

"ఎవరు?"

"ఆ మనిషి."

"నాకేం తెలుసే? లారీ నిండింది, వచ్చేశాం."

"ఒంటరి ఆడది. వీధి నిండా సిపాయిలు. తలుపైనా వేసి వచ్చారా?"

సాదిక్ చేప వంక చూస్తున్నాడు. అబూ గస్సాన్ చెవులు ఎర్రబడ్డాయి. "తలుపు లారీలోకి ఎక్కించేశాం," అన్నాడు చివరికి, నెమ్మదిగా. "మంచి టేకు."

"అన్నం వడ్డించు, పిల్లలు వింటున్నారు," అంది అత్త. వడ్డించాను. అది కూడా చెబుతున్నాను, ఆ మాట విన్నాక కూడా ముగ్గురికీ అడిగి అడిగి వడ్డించాను. గట్టిగా అరిస్తే గోడలకి చెవులుంటాయనీ, సైన్యం గురించి నోరు జారినవాళ్ళు ఇల్లు చేరరనీ నాకు తెలుసు. కానీ నేను ఊరుకున్నది భయంతో మాత్రమే కాదు, అలవాటుతో కూడా.

వాళ్ళు చేతులు కడుక్కున్నాక పెరట్లోకి వెళ్ళి, తుప్పు పడుతున్న రేకు తొట్టిని ఈడ్చుకొచ్చి నీళ్ళు పట్టాను. నావీ పిల్లలవీ బట్టలు నానబెట్టాను. సబ్బు తగలగానే మానిన పగుళ్ళు మళ్ళీ మండాయి. "పిచ్చిగాని పట్టిందా? మిషన్ పెట్టుకుని ఇదేం పనే!" అని అత్త అరిచింది. తలెత్తలేదు. దీనివల్ల ఆ మనిషికి ఒరిగేదేమీ లేదని తెలుసు. ఆమె పేరు కూడా నాకు తెలీదు.

కాసేపటికి అబూ గస్సాన్ దుమ్ము కొట్టుకుపోయిన ప్యాంటూ చొక్కా తెచ్చి నా పక్కన పడేశాడు. "రాత్రికి మళ్ళీ బయల్దేరాలి. తొందరగా వేసెయ్."

"మిషన్ నీదేగా. నువ్వే వేసుకో."

నా వంక ఎగాదిగా చూశాడు. కొడతాడనుకున్నాను, కొట్టలేదు. గొణుక్కుంటూ లోపలికి వెళ్ళాడు. మిషన్ తలుపు తీసిన చప్పుడు, మూసిన చప్పుడు, మళ్ళీ తీసిన చప్పుడు వినిపించాయి. తర్వాత గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. పదకొండేళ్ళలో ఆయన గొంతు అంత మెత్తగా నేనెప్పుడూ వినలేదు.

"ఏ బటన్ నొక్కాలే?"

"ఆ బటన్లు తెలిసినామె వేళ్ళు విడదీసి వచ్చావుగా, అబూ గస్సాన్," అన్నాను. "రాత్రికి ఎలాగూ అటే వెళ్తున్నావు. ఆమె ఎక్కడుందో వెతికి, ఆమెనే అడుగు."